సైలెన్సర్ మారిస్తే డీజిల్ ఫోర్‌బైఫోర్‌కి మైలేజీ నిజంగా పెరుగుతుందా?

ఖమ్మం_థార్
అందరికీ నమస్కారం. నాది 2016 మోడల్ థార్ సీఆర్‌డీఈ, అంటే కామన్ రైల్ డీజిల్ ఇంజన్ జీపు. 91 వేల కిలోమీటర్లు తిరిగింది. మొదట్లో హైవే మీద 12.8 దాకా ఇచ్చేది. ఏడాదిగా తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఇప్పుడు 10.4 దగ్గర ఆగింది. పోయిన వారం హైదరాబాద్‌లో ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లాను. "అన్నా, కంపెనీ సైలెన్సర్ ఇంజన్ గొంతు పట్టుకుని ఉంది. రెండున్నర అంగుళాల ఫ్రీ ఫ్లో (పొగకి అడ్డు తక్కువుండే సైలెన్సర్) వేయించు, లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువ గ్యారంటీ" అన్నాడు. ఫిట్టింగ్‌తో కలిపి 28 వేలట. డీజిల్ బండికి వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంట్లో 28 వేలకి లెక్క అప్పజెప్పాలి.

గేర్_రాజా
కళ్లు మూసుకుని వేయించు బ్రో. నా స్కార్పియో ఫోర్‌బైఫోర్‌కి వేయించి ఏడాదిన్నర అయింది. 11 ఇచ్చే బండి 13 ఇస్తోంది. టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి కుదించి తోసేది) ముందే అందుకుంటోంది. సౌండ్ గురించి చెప్పక్కర్లేదు, బీచ్ రోడ్డులో తలలు తిరుగుతాయి.

పాతజీపు
తమ్ముడూ ఖమ్మం, డబ్బులు తీసే ముందు మూడు మాటలు చెప్పు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక నల్లపొగ వస్తోందా? రెండు వేల ఆర్‌పీఎం దాటాక బానెట్ లోపల్నుంచి ఈల లాంటి చప్పుడు ఏమన్నా ఉందా? ఈ ఏడాదిలో బండికి కొత్తగా ఏమేం తగిలించావు?

కంపెనీ సైలెన్సర్ ఆ బండికి పుట్టుకతో ఉన్నదే కదా. 12.8 ఇచ్చిన రోజుల్లో కూడా అదే సైలెన్సర్. అప్పుడు పట్టుకోని గొంతు ఇప్పుడెందుకు పట్టుకుంటుంది?

లెక్కల_మాష్టారు
పాతజీపు గారి మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న. కానీ షాపులో చెప్పిన రెండు కిలోమీటర్ల మాట కూడా ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. నాకు ఇలాంటివి దొరికితే నిద్ర పట్టదు.

టర్బో దాటాక ఉన్న పైపూ సైలెన్సరూ పొగకి కొంత అడ్డు పడతాయి. ఆ ఒత్తిడికి ఎదురుగా పిస్టన్ పొగని బయటికి నెట్టాలి. నెట్టడానికి అయ్యే ఖర్చు కూడా డీజిలే. ఎంత ఖర్చంటే, 2.5 లీటర్ ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి దాదాపు 42 లీటర్ల ఘనపరిమాణాన్ని ఊడుస్తుంది (ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి). అడ్డు ఒత్తిడి 10 కిలోపాస్కల్, అంటే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గిస్తే మిగిలేది 420 వాట్లు. అర హార్స్‌పవర్ కంటే కాస్త ఎక్కువ.

థార్ లాంటి డబ్బా ఆకారం బండి 80 మీద సాఫీగా పోవడానికి సుమారు 16 కిలోవాట్లు కావాలి. అందులో 420 వాట్లు రెండున్నర శాతం. అదీ పూర్తిగా 10 కిలోపాస్కల్ తగ్గితే. 80 మీద పోతున్నప్పుడు ఇంజన్ ఊదే పొగ తక్కువ, కాబట్టి తగ్గించడానికి అక్కడ అంత అడ్డే ఉండదు. నాకు తోచినంతలో ఒక శాతం మిగిలితే గొప్ప.

ఇక షాపతని గ్యారంటీ. 10.4 కాస్తా 12.4 కావాలంటే డీజిల్ ఖర్చు 16 శాతం తగ్గాలి. అంటే రెండున్నర కిలోవాట్లు. దానికి 60 కిలోపాస్కల్ అడ్డు మాయం కావాలి, దాదాపు 9 పీఎస్ఐ! 80 మీద పోతుంటే సైలెన్సర్‌లో 9 పీఎస్ఐ నిలబడిందంటే అది సైలెన్సర్ కాదు, బిరడా.

ఏడాదికి 10,400 కిలోమీటర్లు తిరిగితే వెయ్యి లీటర్లు. ఒక శాతం అంటే 10 లీటర్లు, లీటరు 95 అనుకుంటే 950 రూపాయలు. 28 వేలు రాబట్టుకోవడానికి 29 ఏళ్లు పైన పడుతుంది. అప్పటికి థార్ ఉంటుందేమో గాని ఆర్.సి. ఉండదు.

గేర్_రాజా
మాష్టారూ, మీ కాగితం మీద ఏముందో నాకు తెలియదు, నా బంక్ బిల్లుల మీద 13 ఉంది. ఇంజన్‌కి గాలి ఫ్రీగా ఆడితే మైలేజీ రాకుండా ఎక్కడికి పోతుంది? నా ఫ్రెండ్ బుల్లెట్‌కి కూడా వచ్చింది.

లెక్కల_మాష్టారు
బుల్లెట్ పెట్రోల్ బండి, టర్బో లేదు. అక్కడ పైపు పొడుగు, లావు మార్చితే పొగ అలలు వాల్వులు తెరుచుకునే వేళకి కలిసొచ్చే అవకాశం ఉంది. మన బండ్లలో ఆ అలలన్నీ టర్బైన్ చక్రంలోనే చచ్చిపోతాయి. అందుకే "కాస్త బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అనే మాట కూడా టర్బో డీజిల్‌కి వర్తించదు. టర్బో తర్వాత అడ్డు ఎంత తక్కువైతే అంత మంచిది. మంచిదే. డబ్బుల్లో ఎంత మంచిది అన్నదే మన గొడవ.

ఇంకో సంగతి. కామన్ రైల్ డీజిల్‌లో ఎంత డీజిల్ కొట్టాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పైపు లావు చేశావని దానికి తెలియదు. రీమ్యాప్ చేయనంతవరకు, అంటే కంప్యూటర్లో ఆ లెక్క మార్చనంతవరకు, పాత లెక్క ప్రకారమే కొడుతుంది.

రాజా గారూ, ఏమీ అనుకోకండి, సైలెన్సర్ వేసిన రోజే ఇంకేమన్నా పని చేయించారా?

గేర్_రాజా
జనరల్ సర్వీస్ చేయించా. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. వెనక బ్రేక్ పట్టేస్తోందని అదీ చూశారు. మామూలే.

పాతజీపు
మామూలేనా నాయనా! పట్టేసిన బ్రేకు వదిలితే అదొక్కటే చాలు, కిలోమీటరు తెస్తుంది. పెళ్లికొడుకు పక్కన నిలబడి ఫొటో దిగినంత మాత్రాన పెళ్లి నీది కాదు. సైలెన్సర్ కథ అదే.

గేర్_రాజా
😂 సరే బాబాయ్. కానీ టర్బో ముందే అందుకోవడం మాత్రం నిజం. అది కాదంటే నేను ఒప్పుకోను.

బ్రిస్బేన్_బాబాయ్
రాజా చెప్పిన ఆ చివరి ముక్క నిజమే, నా తరఫున సాక్ష్యం ఇస్తున్నా. నేను నెల్లూరువాణ్ణి, పన్నెండేళ్లుగా ఆస్ట్రేలియా. ఇక్కడ డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్ కొన్నవాడు టెంట్ తర్వాత కొనేది మూడంగుళాల ఎగ్జాస్టే. నాది ప్రాడో 150, పాత 3.0 లీటర్ డీజిల్, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే జల్లెడ) లేని బండి. టర్బో దగ్గర్నుంచి వెనకదాకా మూడంగుళాల స్టెయిన్‌లెస్ పైపు వేయించాను. 1,300 డాలర్లు అయింది.

వేయించే ముందు బుద్ధి పుట్టి, టర్బో వెనక పైపుకి గేజ్ బిగించే చిన్న ముక్క వెల్డ్ చేయించి ప్రెషర్ గేజ్ పెట్టాను. కంపెనీ పైపుతో టూవూంబా ఘాట్ ఎక్కుతూ, వెనక క్యాంపర్ ట్రైలర్‌తో, పూర్తిగా తొక్కితే 4 పీఎస్ఐ చూపించింది. కొత్త పైపుతో అదే ఎత్తులో ఒకటిన్నర. పొగ వేడి కూడా 50 డిగ్రీల దాకా తగ్గింది. ట్రైలర్ లాగేవాడికి ఆ 50 డిగ్రీలు చాలా విలువైనవి, ఎండాకాలం ఎత్తు ఎక్కేటప్పుడు గేజ్ చూసి కాలు తీయాల్సిన పని తగ్గుతుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర బండి చురుగ్గా ఉంది, గేరు తక్కువ మారుస్తున్నా.

మరి చదునైన హైవే మీద 100లో పోతుంటే? పాత పైపుతో అర పీఎస్ఐ. కొత్తదానితో ముల్లు కదల్లేదు. అర పీఎస్ఐ ఎంతో మాష్టారు చెప్పిన లెక్కలో పెట్టుకోండి. డీజిల్ విషయానికొస్తే, ముందు ఆరు ట్యాంకులు, తర్వాత ఆరు ట్యాంకులు రాసి పెట్టాను. 100 కిలోమీటర్లకి 11.2 లీటర్లు ఉండేది 11.0 అయింది. ఆ 0.2 పైపుదో, గాలి వాలుదో నేను ప్రమాణం చేయలేను. ట్రైలర్‌తో మాత్రం 16.1 నుంచి 15.6కి వచ్చింది, అది కాస్త నమ్ముతాను.

ఇక్కడ మా క్లబ్బులో వేయించిన మొదటి నెల అందరికీ మైలేజీ తగ్గుతుంది. ఆ సౌండ్ వినడానికి ఊరికే తొక్కుతారు కాబట్టి.

లోయర్‌గేర్
సైలెన్సర్ వల్ల మైలేజీ పడిపోయిన కేసు నాది ఒకటి ఉంది. మారేడుమిల్లి దగ్గర వాగు దాటుతూ రాయి మీద దిగాం. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా) పక్కన పైపు చపాతీలా నొక్కుకుపోయింది, నేను చూసుకోలేదు. నెల రోజులు ఘాట్ రోడ్డులో మూడో గేరు దాటలేదు. రాజమండ్రిలో వెల్డర్ ఆ జానెడు ముక్క కోసి వేరే పైపు అతికించాడు, 600. కాబట్టి ఖమ్మం గారూ, బండి కింద ఒకసారి పడుకుని చూడండి. అంతే.

కొత్తబండి_2021
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది బీఎస్6 థార్ డీజిల్, మాన్యువల్. రోజూ కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి 7 కి.మీ. సిటీలో 9 కూడా రావడం లేదు. ఒకతను డీపీఎఫ్ లోపల జల్లెడ కొట్టేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేస్తే 2 కి.మీ. పెరుగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తానే చూసుకుంటానన్నాడు. చేయించొచ్చా?

నిర్వాహకుడు
డీపీఎఫ్, క్యాట్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) తీసేయడం ఎలా అన్న చర్చ ఇక్కడ కుదరదు. ఎవరు చేస్తారు, ఎంత తీసుకుంటారు అన్న పోస్టులు తీసేస్తాను. ఎందుకు చేయకూడదో ఎంతైనా మాట్లాడుకోండి.

లెక్కల_మాష్టారు
కొత్తబండి తమ్ముడూ, నీ 7 కిలోమీటర్లే నీ జబ్బు. డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుతుంది, నిండాక కాల్చేయాలి. కాల్చడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజన్ మామూలుగా కొట్టే డీజిల్ మీద ఇంకొంచెం కొడుతుంది. నువ్వు సరిగ్గా అది మొదలైనప్పుడు ఆఫీసు పార్కింగ్‌లో ఆపేస్తావు. సాయంత్రం మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. కాలీకాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది కూడా. డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిల్ లెవెల్ పెరిగిందంటే సంతోషించకు.

వారానికోసారి ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి అరగంట ఒకే వేగంతో తోలు. చాలా వరకు సర్దుకుంటుంది. జల్లెడ కొట్టేస్తే ఆ డీజిల్ మిగిలే మాట అబద్ధం కాదు, కానీ ఆ మసి ఎక్కడికి పోతుంది? నీ వెనక స్కూటర్ మీద ఉన్నవాడి ముక్కులోకి. చట్టం సంగతి వేరే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఓనరుకి 5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. రేపు ఇంజన్ వారంటీ అడిగితే కంపెనీవాడు మొదట చూసేది కూడా అదే.

బ్రిస్బేన్_బాబాయ్
ఇక్కడా డీపీఎఫ్ తీస్తే నేరమే. డీపీఎఫ్ ఉన్న బండ్లకి దాని వెనక నుంచి మాత్రమే పైపు అమ్ముతారు. డీపీఎఫ్ ఇటుకలా అడ్డంగా కూర్చుంటే దాని వెనక పైపు ఎంత లావుంటే ఏం లాభం, చప్పుడు కాస్త మారుతుంది.

ఖమ్మం_థార్
నాలుగు రోజులు కనపడనందుకు క్షమించండి, ఇంట్లో పెళ్లి. పాతజీపు గారూ, మీరడిగినవాటికి జవాబులు.

నల్లపొగ వస్తోంది. ముఖ్యంగా మూడో గేర్లో ఓవర్‌టేక్ చేసేటప్పుడు వెనకబండి కనపడనంత. ఈల ఉంది, నేను టర్బో సౌండ్ అనుకుని మురిసిపోతున్నా. కొత్తగా తగిలించినవి: పద్నాలుగు నెలల కిందట టైర్లు మార్చాను, 235/70 ఆర్16 తీసేసి 245/75 ఆర్16 ఏటీ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్) టైర్లు. ముందు ఇనుప బంపర్, పైన క్యారియర్. బండి కింద పడుకుని చూశాను, పైపు బాగానే ఉంది.

పాతజీపు
ఈల టర్బోది కాదు, గాలిది. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) హోస్ పగిలి ఉంటుంది. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి సబ్బునీళ్లు కొడితే దొరకదు, అప్పుడు హోస్‌లో ఒత్తిడే ఉండదు. టర్బో వైపు నోరు మూసి, పంక్చర్ షాపు గాలి 10 పీఎస్ఐ దాకా మెల్లగా ఎక్కించమను. ఎక్కువ కొట్టనీయకు. అప్పుడు సబ్బునీళ్లు. అంతకన్నా ముందు హోసు చుట్టూ వేలు పెట్టి తడుము, జిడ్డుగా దుమ్ము పట్టిన చోట ఆపు.

నా దగ్గర ఎం.ఎం.540 ఉండేది, పాత మహీంద్రా జీపు, పూజో డీజిల్, టర్బో లేదు, హోసు లేదు, ఈ తలనొప్పులేవీ లేవు. పికప్పూ లేదనుకో.

లెక్కల_మాష్టారు
టైర్ల సంగతి ఇప్పుడా చెప్పేది! పాత టైరు వ్యాసం 735 మిల్లీమీటర్లు, కొత్తది 774. ఒక చుట్టుకి 5.2 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటర్‌కి ఆ సంగతి తెలియదు. మీటర్ 100 చూపిస్తే మీరు 105 పైన తిరిగారు. మీ 10.4 నిజానికి 10.9. సగం కిలోమీటరు రూపాయి ఖర్చు లేకుండా వచ్చేసింది చూడండి.

స్పీడోమీటర్ కూడా అంతే, ముందు తోలినట్టే 90 చూసి తోలుతున్నారంటే ముందుకన్నా వేగంగా పోతున్నారు. క్యారియర్ ఒకటి గాలికి అడ్డం. ఖాళీగా ఉన్నప్పుడు దించేయండి.

ఖమ్మం_థార్
దొరికింది!!

పాతజీపు గారు చెప్పినట్టే వేలు పెట్టి తడిమాను. టర్బో నుంచి వచ్చే హోస్ చివర క్లాంప్ పక్కనే, కింది వైపు. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. కింద వేలు పెడితే తడి, తీసి చూస్తే వేలు నల్లగా, దుమ్మూ ఆయిలూ కలిసిన ముద్ద. గుడ్డతో తుడిచాక కూడా చీలిక కనపడలేదు. హోస్‌ని బొటనవేలితో నొక్కితే అప్పుడు నోరు తెరిచింది, రెండంగుళాలు. వదిలితే మూసుకుంటోంది. మా మెకానిక్ మూడు సర్వీసులు చేశాడు, ఒక్కసారీ చూడలేదు. అడిగితే "గాలి హోస్ కదా సార్, దానికేమవుద్ది" అన్నాడు.

కొత్త హోస్, రెండు మంచి క్లాంపులు, మొత్తం 2,150. ఈల ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, కాస్త వెలితిగా ఉంది.

పాతజీపు
శుభం. తొక్కినప్పుడే తెరుచుకునే చీలిక అది. టర్బో కుదించిన గాలి సగం బయటికి పోతుంటే, లోపల డీజిల్‌కి సరిపడా గాలి లేక నల్లపొగ. లాగడం లేదని నువ్వు ఇంకా తొక్కుతావు. ఇప్పుడు కొలిచి చెప్పు. ఒక్క ట్యాంక్ చూసి చెప్పకు.

గేర్_రాజా
ఎలా కొలవాలి బాబాయ్? నేనూ కొలుస్తా. ఇన్నాళ్లూ ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి భాగించేవాణ్ణి.

లెక్కల_మాష్టారు
దాంట్లోనే ఉంది తిరకాసు. డీజిల్ నురగొస్తుంది, ఒక బంక్‌లో తొందరగా కట్ అవుతుంది, ఇంకో బంక్‌లో లీటరు ఎక్కువ పడుతుంది. ఓఆర్ఆర్ ఒక చుట్టు 158 కిలోమీటర్లు. 13 ఇచ్చే బండికి 12 లీటర్లు. నింపడంలో అర లీటరు తేడా వచ్చినా నాలుగు శాతం తప్పు. అలాంటప్పుడు ఒక శాతం లాభాన్ని ఎలా పట్టుకుంటావు?

అయినా ఓఆర్ఆర్ మంచిదే. ఎక్కినచోటే దిగుతావు కాబట్టి ఎత్తుపల్లాలు, గాలి వాలు చాలావరకు చెల్లుకు చెల్లు. అప్పా జంక్షన్ దగ్గర ఒకే బంక్, ఒకే పంప్, బండి ఒకే దిక్కుగా నిలబెట్టి. మొదటి కట్‌కే ఆపెయ్. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు, జీపీఎస్‌లో 80 చూసుకుంటూ రెండు చుట్లు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూసుకో. దూరం కూడా జీపీఎస్‌దే రాయి. మార్పు ముందు మూడుసార్లు, తర్వాత మూడుసార్లు. ఇంత ఓపిక లేకపోతే ఏడాది బిల్లులన్నీ కూడి భాగించు, అది కూడా నిజమే చెబుతుంది.

ఖమ్మం_థార్
నాకు ఓఆర్ఆర్ దూరం. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లి రావడం నెలకి మూడుసార్లు, అదే రోడ్డు, అదే బంక్. ఐదు ట్యాంకులు రాశాను. క్యారియర్ దించేశాను. మీటర్ ప్రకారం 11.7. మాష్టారి లెక్కలో సరిచేస్తే 12.3. పాత 12.8కి ఇంకా అర తక్కువ.

లెక్కల_మాష్టారు
ఆ అర మీ ఏటీ టైర్ల బరువు, ఇనుప బంపర్. అది మీరు కోరి తెచ్చుకున్నది. సైలెన్సర్ దాన్ని తీర్చలేదు.

బ్రిస్బేన్_బాబాయ్
ఖమ్మం తమ్ముడూ, ఎప్పుడైనా ట్రైలర్ లాగితేనో, ఆర్టీఏ ఒప్పుకునే పద్ధతిలో రీమ్యాప్ లాంటిది చేయిస్తేనో పైపు గురించి మళ్లీ అడుగు. అప్పుడు నేనే వేయించమంటా. క్యాట్ మాత్రం ఉంచి.

ఖమ్మం_థార్
షాపతను ఈ పొద్దున మళ్లీ ఫోన్ చేశాడు. హోస్ సంగతి చెప్పా. "అయితే ఇంకేం అన్నా, ఇప్పుడు ఫ్రీ ఫ్లో వేస్తే 14 గ్యారంటీ" అన్నాడు.

గేర్_రాజా
😂😂 మొన్న చెక్‌పోస్టు దగ్గర పోలీసులు నా బండి ఆపి, సౌండ్ విని, బీచ్ రోడ్డులో రోడ్ రోలర్‌తో తొక్కించిన బుల్లెట్ సైలెన్సర్ల వీడియో ఫోన్లో చూపించి మరీ ఫైన్ రాశారు. పాత కంపెనీ సైలెన్సర్ అటక మీదే ఉంది, ఆదివారం తిరిగి వేయిస్తున్నా. తీసినదానికి 12 వేలు ఇస్తే ఇస్తా, స్టెయిన్‌లెస్, తుప్పు లేదు. మైలేజీకి మాత్రం గ్యారంటీ లేదు.